సిలోయము గోపురము, రాంబన్ కొండ

ధ్యానభాగము: లూకా సువార్త 13వ అధ్యాయము, 1 నుండి 9 వచనములు



పొలములకు పోవునప్పుడు మనము దినదినము దాటు పెద్ద రోడ్డును మీరెరుగుదురు. అది 44వ నెంబరు జాతీయ రహదారి. దక్షిణమునకు అది గుత్తి, అనంతపురము, పెనుకొండ, బెంగుళూరు మీదుగా కన్యాకుమారి వరకు పోవును. ఉత్తరమునకు కర్నూలు, హైదరాబాదు, ఆదిలాబాదు దాటి, నాగపూరు, ఢిల్లీ దాటి, జమ్మూ చేరి, అక్కడనుండి హిమాలయ పర్వతములలోనికి ఎక్కి, కాశ్మీరులోని శ్రీనగరునొద్ద ముగియును. అంతయు కలిపి 3,700 కిలోమీటర్లకు పైబడిన రోడ్డు. మన సంతలో తోపుడుబండిమీద అమ్ము కాశ్మీరు ఆపిలు పండు ఆ కొండలు దిగియే వచ్చును. మన యిండ్లలోని పడుచువాండ్రు కొందరు లారీలమీద ఆ కొండలెక్కియే పోవుదురు. కావున ఆ కొండలలో రోడ్డు తెగినప్పుడు అది ఎవరిదో పరదేశపు వార్తయని మనము త్రోసివేయరాదు.

జమ్మూ నుండి శ్రీనగరు వరకు దూరము సుమారు 250 కిలోమీటర్లే. అయినను దేశమంతటిలో అంత కష్టపెట్టు రోడ్డు తునకలు కొద్దిగానే ఉన్నవి. పూర్వము చలికాలములో బనిహాల్ కనుమ మంచుతో మూసుకొనిపోయెడిది. 1956లో జవాహర్ సొరంగము తెరచిన తరువాత ఆ చిక్కు కొంత తీరెను. 2017లో చెనాని, నాశ్రి నడుమ 9 కిలోమీటర్ల సొరంగమును, 2021లో బనిహాల్, కాజీగుండ్ నడుమ ఎనిమిదిన్నర కిలోమీటర్ల సొరంగమును వచ్చెను. ఈ కడపటిదానిని త్రవ్వినది మన హైదరాబాదు కంపెనీయే. ఇన్ని సొరంగములు వచ్చినను, రాంబన్, బనిహాల్ నడుమ రోడ్డు ఇంకను కొండ ప్రక్కను పట్టుకొని వ్రేలాడుచున్నట్టే ఉండును. పైన కొండ, క్రింద నది.

2025 ఏప్రిలు 20వ తేదీ మనకు పునరుత్థాన పండుగ. మనము చీకటితోనే లేచి, కొవ్వొత్తులు పట్టుకొని, సమాధుల తోటకు పోవుటకు సిద్ధపడు ఆ రాత్రియే రాంబన్ జిల్లాలో వడగండ్లతో కూడిన గొప్ప వాన కురిసెను. కొండలమీద నుండి బురద యేరులై దిగెను. ధరమ్‌కుండ్ అను గ్రామములో సుమారు 40 ఇండ్లు చెడిపోయెను. చిక్కుకొన్న సుమారు 100 మందిని పోలీసువారు ఆ వానలోనే వెలుపలికి తెచ్చిరి. ఆ జిల్లాలో ముగ్గురు చనిపోయిరి. వారిలో పిల్లలును ఉన్నారు. రోడ్డు అనేకచోట్ల బురదతోను బండలతోను నిండిపోయి, వందలకొలది బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయెను.

ఆగస్టు నెలలో మరియొక దెబ్బ తగిలెను. ఉధంపూరులో 24 గంటలలో 629.4 మిల్లీమీటర్ల వాన కురిసెను. ఈ లెక్క మీకు తెలియుటకు ఒక మాట చెప్పుదును: మన అనంతపురము సీమలో సంవత్సరమంతయు కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. మనకు ఏడాదిలో దిగు నీళ్లకంటె ఎక్కువ నీళ్లు అక్కడ ఒక్క పగలు, ఒక్క రాత్రిలో దిగెను. ఆ 26వ తేదీననే వైష్ణోదేవి గుడికి పోవు బాటమీద కొండ విరిగిపడి 30 మందికి పైగా యాత్రికులు చనిపోయిరి. పెద్ద రోడ్డు ఉధంపూరు జిల్లాలోని థరాడ్ వద్ద కొండమట్టి క్రింద పూడిపోయెను. అది ఆపిలు కోతకాలము. లారీలు దినముల తరబడి వరుసలు కట్టి నిలిచెను. పండ్లు పెట్టెలలోనే కుళ్లెను. కడపట సెప్టెంబరు 13వ తేదీనుండి బుద్గాం స్టేషను మొదలుకొని ఢిల్లీకి పండ్లకొరకే పార్సిలు రైలు వేయవలసి వచ్చెను.

కొండ ఎందుకు జారును? ఇది దైవరహస్యము కాదు; రైతు కన్నులకు కనబడు సంగతియే. హిమాలయములు పర్వతములలో పడుచువి, ఇప్పటికిని లేచుచున్నవని భూగర్భశాస్త్రము చదివినవారు చెప్పుదురు. మన నల్లమల, ఎఱ్ఱమల కొండలవలె ముదిరి గట్టిపడిన రాయి కాదు. అనేకచోట్ల నలిగి, పలకలు పలకలుగా చీలిన రాయి. దానిమీద వదులు మట్టి. వాన నీరు ఆ సందులలో దిగినప్పుడు మట్టి బరువెక్కును, పట్టు వదలును. ఇదంతయు కొండ స్వభావము. అయితే రోడ్డును వెడల్పు చేయుటకు కొండ పాదమును నిట్టనిలువుగా కోసినయెడల ఏమగును? పాదము లేనివాడు నిలుచునా? చెరువు కట్ట సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. కట్ట అడుగున పది బండ్ల మట్టి తీసినవాడు, ఆ సంవత్సరము కట్ట తెగకపోవుట చూచి, ఏమియు కాలేదనును. మూడవ యేట పెద్ద వాన వచ్చును. అప్పుడు అందరు వానను నిందింతురు. ఆ హిమాలయపు రోడ్డును నాలుగు వరుసలు చేయుటకు కొండలను కోసిన తీరును గూర్చి తెలిసినవారు పలుమారులు హెచ్చరించిరి.

ఇప్పుడు మన సంఘములో జరిగిన సంగతికి వచ్చుచున్నాను. యాత్రికులు చనిపోయిరను వార్త వచ్చిన ఆదివారమున, ఆరాధన ముగిసిన తరువాత, గుడి అరుగుమీద కొందరు మాటలాడుచుండిరి. ఒక పెద్దాయన, వారు ఆ యాత్రకు పోయిరి గనుకనే దేవుడు కొండను విరుగగొట్టెననియు, ఇది తీర్పు అనియు గట్టిగా చెప్పెను. ఇద్దరు ముగ్గురు తల లూపిరి. ఆ ప్రక్కనే చెప్పులు తొడుగుకొనుచున్న ఒక తల్లి నిలిచిపోయెను. ఆమె కుమారుడు లారీ డ్రైవరు. ఆపిలు పెట్టెలతో దిగివచ్చుచు కాజీగుండ్ దగ్గర వరుసలో చిక్కుకొని యుండెను. ఆమె ఆ పెద్దాయనను చూడక నన్ను చూచి, “అయ్యగారూ, నా కొడుకూ ఆ కొండలకాడనే ఉండాడు. వాని మింద కొండ పడితే, వానికీ ఇదే మాట చెప్తారా?” అని అడిగెను. పెద్దాయన ఏమియు పలుకలేదు. నేనప్పుడు ఆమెతో కలిసి ప్రార్థన చేసితిని. అరుగుమీద జవాబు చెప్పిన చాలదని తోచి, ఈ పత్రికలో వ్రాయుచున్నాను.

ప్రియులారా, లూకా 13వ అధ్యాయమును విప్పి చూడుడి. కొందరు ప్రభువునొద్దకు ఒక వార్త తెచ్చిరి. గలిలయవారు బలి అర్పించుచుండగా పిలాతు వారిని చంపించెను. గమనింపుడి, వారు చనిపోయినది దొంగతనము చేయుచు కాదు, త్రాగి పడియుండి కాదు, ఆరాధించుచుండగనే చనిపోయిరి. వార్త తెచ్చినవారి మనస్సులో ఉన్న ప్రశ్న ప్రభువునకు తెలియును. వీరు తక్కిన గలిలయులందరికంటె పాపులా అని ఆయనయే వారిని అడిగి, కాదని తానే చెప్పెను. అంతటితో ఊరకుండక, వారు ఎత్తని మరియొక సంగతిని తానే ఎత్తెను. యెరూషలేములో సిలోయమునొద్ద గోపురము కూలి 18 మంది చనిపోయిరి గదా, వారు ఆ పట్టణములో అందరికంటె అపరాధులా? కాదనియే మరల చెప్పెను. మొదటిది మనుష్యుని క్రూరత్వము వలన వచ్చిన చావు. రెండవది రాళ్లు కూలుట వలన వచ్చిన చావు. రెంటికిని ఆయన జవాబు ఒక్కటే.

ఇంత స్పష్టముగా ప్రభువు చెప్పిన తరువాత, క్రైస్తవుడు శవములను చూచి పాపపు లెక్కలు కట్టుట ఏమి న్యాయము? యోబు స్నేహితులు ఆ లెక్క కట్టిరి. వారు దేవుని పక్షముగా మాటలాడుచున్నామనుకొనిరి, దేవుడు వారిమీద కోపగించెను. మెలితే ద్వీపములో పౌలు చేతిని పాము పట్టినప్పుడు ఆ ద్వీపవాసులును ఆ లెక్కయే కట్టి, ఇతడు నరహంతకుడనిరి. కొంతసేపటికి అతడు చావకుండుట చూచి, దేవుడనిరి. రెండు లెక్కలును తప్పే.

ఇసుకమీద ఇల్లు కట్టినవాని ఉపమానమును కూడ కొందరు బోధకులు ఇటువంటి సమయములలో ఎత్తుకొందురు. ఆ మాట ప్రభువు వాక్యము విని చేయనివానిని గూర్చినది. కొండవాలు తప్ప వేరే సెంటు భూమి లేని రాంబన్ బీదవాని గుడిసెను గూర్చినది కాదు.

అయితే లూకా 13లో ప్రభువు అక్కడ ఆగలేదు. చచ్చినవారి పాపమును విడిచి, వినుచున్నవారివైపు తిరిగి, మీరు మారుమనస్సు పొందుడని గట్టిగా హెచ్చరించెను. చచ్చినవారిని గూర్చి అడుగ వచ్చినవారికి తమ్మును గూర్చిన ప్రశ్న దొరికెను. ఇది మన పెద్దలకు చేదుగా ఉండును, నాకును చేదే. కొండ పడినప్పుడు దేవుడు వారికేమి చెప్పుచున్నాడని మనము అడుగుదుము. నీకేమి చెప్పుచున్నానో వినుమని ప్రభువనుచున్నాడు.

మనము దేనినిగూర్చి మారుమనస్సు పొందవలెను? ప్రార్థన తప్పుట, త్రాగుడు, కలహము, ఇవన్నియు ప్రతి ఆదివారము చెప్పుకొనునవే; అవి ఉన్నవి, నేను కొట్టివేయను. కాని ఈ మారు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము, 8వ వచనము చూడుడి. క్రొత్తగా ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెనని దేవుడు ఆజ్ఞాపించెను. ఎందుకు? పైనుండి ఎవడైనను పడి చచ్చినయెడల ఆ రక్తము ఆ యింటివానిమీదికి వచ్చును గనుక. వేసవిలో మిద్దెమీద పిల్లలను పండబెట్టు మన సీమవారికి ఈ ఆజ్ఞ బాగుగా తెలియును. ఇక్కడ దేవుడు కత్తి దూసి చంపినవానిని గూర్చి మాటలాడుట లేదు. గోడ కట్టనివానిని గూర్చి మాటలాడుచున్నాడు. ఖర్చగునని, రేపు చూతమని విడిచిపెట్టినవాడు దేవుని యెదుట హత్యదోషియగును. పడి చచ్చినవాడు పాపియా నీతిమంతుడా అని ఆ ధర్మశాస్త్రము అడుగనేలేదు. గోడ ఎక్కడ అని అడుగుచున్నది.

కొండ పాదము కోసి, దానికి తగిన గోడ కట్టక, త్రవ్విన మన్ను వాగులలో పోయించువారందరికిని ఈ వచనము చెందును. 2022 మే 19వ తేదీ రాత్రి, ఆ రహదారిమీదనే రాంబన్ దగ్గర, ఖూనీ నాలా అనుచోట క్రొత్త సొరంగపు పని జరుగుచుండగా కొండ కూలి 10 మంది కూలీలు చనిపోయిరి. వారిలో బెంగాలునుండి, అస్సామునుండి, నేపాలునుండి కూటికొరకు వచ్చినవారు ఉన్నారు. మన ఊళ్లనుండి వలస పోవువారివంటివారే. వారి ఊరిలో వారికొరకు ఏడ్చినవారు ఏ మతమువారో నేనెరుగను, దేవుడు ఎరుగును.

ఇది దూరపు కథ కాదు. మన చెరువు కట్ట క్రింద తూర్పు ప్రక్కన ఇప్పుడు నిలువెత్తు గుంట ఉన్నది. ఇండ్ల పునాదులకని, కల్లములకని రాత్రివేళ ట్రాక్టర్లు మట్టి ఎత్తుచున్నవి. ఆ ట్రాక్టర్లలో మన సంఘస్థులవి ఉన్నవని ఊరంతయు చెప్పుకొనుచున్నది. కట్ట దిగువన ఉన్నది మన పేటయే. కట్ట తెగినయెడల మొదట నీళ్లు వచ్చునది మన వాకిళ్లకే. అటు తరువాత ఆ పెద్ద రోడ్డుమీదికి, దానిమీద పోవు ఎవరెవరి బిడ్డల బస్సులమీదికో. అప్పుడు ఎవరో దూరపు ఊరిలో ఒక అరుగుమీద కూర్చుండి, ఆ పేటవారు ఏమి పాపము చేసిరోయని అందురు. ఈ ఒక్కసారి వారి మాటలో నిజముండును.

సిలోయము గోపురము మాట చెప్పిన వెంటనే ప్రభువు అంజూరపు చెట్టు ఉపమానము చెప్పెను. మూడేండ్లు కాయని చెట్టును నరికివేయుమని యజమానుడు అనగా, ఇంకొక్క సంవత్సరము ఉండనిమ్మని, చుట్టు త్రవ్వి ఎరువు వేసెదనని తోటమాలి బ్రతిమాలెను. అతడును మొదట త్రవ్వువాడే. కాని అతడు త్రవ్వునది చెట్టు బ్రతుకుటకు. మనకు దొరికినది ఆ ఒక్క సంవత్సరమే యనుకొనుడి.

ఇంకొక సంగతి చెప్పక విడువలేను. తెలియక ఒకని చంపినవాడు పారిపోయి ప్రాణము దక్కించుకొనుటకు దేవుడు ఆశ్రయపురములను ఏర్పరచెను. అది మీరు వినియున్నారు. అయితే ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో ఆ పురములకు పోవు త్రోవలను సిద్ధపరచుమని కూడ ఆయన ఆజ్ఞాపించుట మీరు గమనించితిరా? ఊరు ఉండి త్రోవ లేనియెడల పారిపోవువాడు దారిలోనే చచ్చును. కావున త్రోవ బాగుచేయుట దేవుని యెదుట ప్రాణము కాపాడు పనియే. కూలిన కొండ క్రింద, మరల ఎప్పుడు పడునో తెలియని మట్టి క్రింద, యంత్రముమీద కూర్చుండి రాత్రింబవళ్లు ఆ బురదను త్రోసిన పనివారిని నేను ఎన్నడును చూడలేదు. అయినను వారికొరకు దేవునికి స్తోత్రము చెల్లింతును. రోడ్డు కంట్రాక్టరును తిట్టుట మనకు బాగుగా తెలియును. రోడ్డు తీయు కూలివానికొరకు ప్రార్థించుట మన గుడిలో ఒక్కసారియైనను నేను వినలేదు.

చిక్కుకొన్నవారికి అన్నము పెట్టినవారిని కూడ మరువరాదు. ఏప్రిలులో సైనికులు రోడ్డుమీద నిలిచినవారికి వేడి భోజనమును, టీని, మందులను ఇచ్చిరి. అంతకు ముందు 2024 డిసెంబరులో, శ్రీనగరునుండి సోనమర్గు పోవు రోడ్డుమీద మంచులో చిక్కుకొన్న పంజాబు యాత్రికులకు గుండ్ అను ఊరి ముసల్మానులు తమ మసీదు తలుపులు తెరచి రాత్రి పడుకొనుటకు చోటిచ్చిరి. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో మెలితే ద్వీపవాసులు చేసినదియు ఇదే. పాము కరచినప్పుడు తప్పుగా తీర్పు తీర్చిన ఆ మనుష్యులే, అంతకు ముందు వానలోను చలిలోను ఓడ పగిలి వచ్చిన పరదేశులకు నిప్పు రాజబెట్టిరి. వారి తీర్పును లూకా వ్రాసెను. వారి నిప్పును కూడ వ్రాసెను. మన అరుగుమీది మాటల సంగతి అట్లుండగా, మన దగ్గర నిప్పు ఉన్నదా? మన రోడ్డుమీద లారీ చెడి నిలిచినప్పుడు, ఆ డ్రైవరు ఏ రాష్ట్రమువాడో తెలియనప్పుడు, నీళ్ల బిందె తీసికొని పోయినవారు మనలో ఎవరు? ఇద్దరిని నేనెరుగుదును. ఆ ఇద్దరును విధవరాండ్రే.

ఆ తల్లి కుమారుడు రెండు వారములకు పైగా ఆ వరుసలోనే ఉండెను. లారీ క్రిందనే పండెను, అక్కడివారు తెచ్చి యిచ్చిన రొట్టె తినెను. వెనుక పెట్టెలలోనుండి పండ్ల రసము చినుకులుగా కారుచు, రాత్రులందు ఆ వాసనకు నిద్ర పట్టలేదని అతడు ఇంటికి వచ్చిన తరువాత చెప్పెను. సరుకు నష్టమునకు అతని కిరాయిలో కోత పడెను. ప్రాణముతో వచ్చెను గనుక కృతజ్ఞతార్పణగా తల్లి 101 రూపాయలు గుడిలో వేసెను. ఆమె ముందటి వరుసలో కూర్చుండియుండగా ఆ పెద్దాయన లేచి కొండల దగ్గర బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులకొరకు ప్రార్థన చేసెను. యాత్రకు పోయినవారి తల్లులను కూడ పేర్కొనెను. ఎవరును ఆయనను అడుగలేదు.

వచ్చు మాసము మొదటి ఆదివారము ఆరాధనలో, లారీలమీద, బస్సులమీద, రోడ్డు పనులమీద దూరము పోయియున్న మన బిడ్డలకొరకు పేరు పేరున ప్రార్థన చేయబడును. ఇంటివారు వారి పేర్లను, వారిప్పుడు ఏ రోడ్డుమీద ఉన్నారో ఆ సంగతిని శుక్రవారములోగా ఉపదేశిగారికి వ్రాయింపవలెను. అన్యులైన పొరుగువారి బిడ్డల పేర్లు కూడ తేవచ్చును. దానికి ముందు శనివారము సాయంత్రము దీపాలు పెట్టు వేళకు చెరువు కట్టను గూర్చి మాటలాడుటకు సంఘపెద్దలు గుడి అరుగుమీద కూడుదురు. ట్రాక్టర్లు గలవారు తప్పక రావలెను.

మీ కాపరి